గుండెలో మోగాలి గాని గోడల్లో కాదు!

“అన్నయ్యా! ఉన్నపళంగా బయల్దేరి రా. మా ఓనరుగారు ఇల్లు ఖాళీ చెయ్యమంటున్నారు!”

కిందటి ఆదివారం పొద్దున్నే ఫోను. చేసింది మా పిన్ని కొడుకు. విజయవాడలో ఉద్యోగం. ఒక మేడ మీద వాటాలో అద్దెకుంటున్నాడు. మనవాడు బుద్ధిమంతుడే. అద్దె బాకీ పెట్టే రకం కాదు, పేకాట బృందాన్ని పోగేసే రకం అంతకంటే కాదు. మరి ఇల్లు ఖాళీ చెయ్యమనేంత నేరం ఏం చేశాడబ్బా అనుకుంటూ బస్సెక్కాను.

వెళ్ళి చూద్దును కదా, అసలు నేరస్థుడు హాల్లో ఓ మూల నల్లగా, నున్నగా, ఏమీ ఎరగనట్టు కూచునున్నాడు. ఇంకెవరు? సబ్‌ఊఫర్!

రెండేళ్లు బోనసు డబ్బులు దాచి మనవాడు ఇంట్లోనే సినిమా హాలు పెట్టుకున్నాడు. టీవీకి అటొకటీ ఇటొకటీ చిన్న స్పీకర్లు, టీవీ కింద మధ్యలో ఒకటి, వెనక గోడకి రెండు, మూలన పది అంగుళాల సబ్‌ఊఫర్, అన్నిటికీ పెద్దదిక్కుగా ఒక రిసీవర్. అందరూ ఫైవ్ పాయింట్ వన్, ఫైవ్ పాయింట్ వన్ అంటూంటారే... అదన్నమాట.

కింద వాటాలో ఓనరుగారు. రిటైరైన లెక్కల మాస్టారు. శనివారం రాత్రి పైన హీరోగారు విలన్ కోట పేల్చేశారు. కింద మామ్మగారి వంటింట్లో అలమర్లో స్టీలు గిన్నెలు ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి. ఆవిడ నిద్రలో ఉలిక్కిపడి లేచి కూచున్నారు. తెల్లారగానే మాస్టారు మెట్లెక్కి వచ్చి, “బాబూ! ఈ నెలాఖరుకి ఆ డబ్బా అయినా వెళ్ళాలి, నువ్వయినా వెళ్ళాలి. ఏదో నువ్వే తేల్చుకో” అని చెప్పి దిగిపోయారట.

“పోనీ నేనైనా సుఖపడ్డానా అంటే అదీ లేదన్నయ్యా! సబ్ తగ్గిస్తే పాటలో దరువు లేదు. పెంచితే ఫైటింగులో భూకంపం. డైలాగులు ఎలా పెట్టినా తెలియవు! షాపువాడు నా నెత్తిన టోపీ పెట్టాడు. సగం ధరకైనా సరే, అమ్మేస్తాను” అని వాపోయాడు మా తమ్ముడు.

నేను రిమోటు తీసుకుని రిసీవర్ మెనూలో ఒకే ఒక్క పేజీ చూశాను. రోగం తెలిసిపోయింది. తప్పు షాపువాడిది కాదు, సబ్‌ఊఫర్‌ది అసలే కాదు. తప్పంతా పని పంపకంలో ఉంది! బేస్ మేనేజ్‌మెంట్ అంటారే, దాని సంగతి అన్నమాట. పేరు ఘనంగా ఉంది గాని, సంగతి మన పెళ్లిమేళమంత సులువు. చెబుతా వినండి.

పక్క హాల్లో భూకంపం

ముందు చిన్న కథ. 1974లో హాలీవుడ్‌లో యూనివర్సల్ వారు ‘ఎర్త్‌క్వేక్’ అనే సినిమా తీశారు. తెర మీద నగరం కూలుతుంటే హాల్లో కుర్చీ కూడా వణకాలని వారి ఆశ. అందుకోసం ‘సెన్సరౌండ్’ అనే పద్ధతి పెట్టి, హాళ్లలో భారీ బేస్ స్పీకర్లు దించారు. కుర్చీలు వణికాయి. దాంతోపాటు గోడలూ వణికాయి! గ్రామన్స్ చైనీస్ థియేటర్లో పైకప్పు పెచ్చులు జనం మీద పడకుండా వల కట్టవలసి వచ్చింది. రెండు మూడు తెరలున్న చోట, పక్క హాల్లో ‘గాడ్‌ఫాదర్’ రెండో భాగం చూస్తున్న వాళ్లకు కూడా ఈ భూకంపం ఉచితంగా అందింది. ఆ సినిమాకి సౌండులో ఆస్కార్ వచ్చిన మాట నిజమే. పక్క హాలు వాళ్ల తిట్లు వచ్చిన మాటా నిజమే. మా మాస్టారుగారి బాధ కొత్తది కాదన్నమాట!

1977లో ‘స్టార్ వార్స్’ వచ్చింది. దాని 70 ఎం.ఎం. ప్రింట్లలో ఆరు ట్రాకులు. అందులో రెండింటిని డాల్బీవారు మంద్రమైన శబ్దాలకి కేటాయించారు. 1992లో ‘బాట్‌మన్ రిటర్న్స్’తో డాల్బీ డిజిటల్ వచ్చింది. అయిదు పూర్తి ట్రాకులు, ఉరుముల కోసం విడిగా ఒక చిన్న ట్రాకు. ఆ చిన్న ట్రాకే మన ‘పాయింట్ వన్’. ఇంజనీర్లు దాన్ని ఎల్.ఎఫ్.ఇ. అంటారు.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. పాయింట్ వన్ అంటే సబ్‌ఊఫర్ అనుకుంటారు. కాదు! పాయింట్ వన్ అనేది సినిమాలో ఉన్న ట్రాకు. సబ్‌ఊఫర్ అనేది మీ ఇంట్లో ఉన్న స్పీకరు. మిగతా అయిదు ట్రాకుల్లో కూడా బోలెడు బేస్ ఉంటుంది. పాటలో డోలు దెబ్బ, బేస్ గిటారు, బుల్లెట్ బండి చప్పుడు... ఇవన్నీ చాలాసార్లు ఆ అయిదింటిలోనే ఉంటాయి. మరి ఆ బేస్ ఎవరు మోగించాలి?

సన్నాయి చేత డోలు వాయిస్తామా?

మన చెవి సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20 వేల హెర్ట్జ్ దాకా వింటుంది. అంకె తగ్గేకొద్దీ శబ్దం మంద్రం. ఆ మంద్రం మోగించడం చిన్న స్పీకరుకి ప్రాణసంకటం. ఎందుకంటే ఒక స్థాయి కిందికి దిగితే, అంటే 80 హెర్ట్జ్ నుంచి 40కి దిగితే, అంతే గట్టిగా వినపడడానికి స్పీకరు కోను నాలుగు రెట్లు ఎక్కువగా ముందుకీ వెనక్కీ ఊగాలి. ఇంకో స్థాయి దిగితే పదహారు రెట్లు! నాలుగంగుళాల బుల్లి కోను ఎక్కడ ఊగుతుంది చెప్పండి? ఊగలేక బొంగురుపోతుంది. ఆ కోనే పాడవలసిన పాట, చెప్పవలసిన డైలాగు కూడా దాంతోపాటు బొంగురుపోతాయి.

పెళ్లిమేళంలో సన్నాయి ఉంటుంది, డోలు ఉంటుంది. సన్నాయి విద్వాంసుణ్ణి పట్టుకుని “మీరే డోలు దెబ్బ కూడా ఊదండి” అని ఎవరైనా అంటారా? మా తమ్ముడు సరిగ్గా అదే అన్నాడు!

రిసీవర్ మెనూలో స్పీకర్ల సైజు అడుగుతుంది, ‘లార్జా? స్మాలా?’ అని. మనవాడు అయిదింటికీ ‘లార్జ్’ అని పెట్టాడు. “అదేమిట్రా?” అంటే, “అంత డబ్బు పోసి కొని, నావి చిన్నవి అని నేనే ఒప్పుకోవడం నామోషీ కదన్నయ్యా!” అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అయ్యా! ఇక్కడ లార్జ్ అంటే గొప్ప అని కాదు, స్మాల్ అంటే తక్కువ అని కాదు. లార్జ్ అంటే ‘ఈ స్పీకరు ఎంత మంద్రమైనా మోగించగలదు, అంతా దీనికే పంపు’ అని అర్థం. స్మాల్ అంటే ‘దీనికి చేతనైనంత దీనికివ్వు, మిగిలిన బేస్ సబ్‌కి పంపు’ అని అర్థం. అన్నీ లార్జ్ అనేసరికి ఏమైంది? సబ్‌కి ఒక్క పాయింట్ వన్ ట్రాకే మిగిలింది. మామూలు స్టీరియో పాటలో ఆ ట్రాకే ఉండదు! పాట వస్తున్నంతసేపూ సబ్ గుర్రుపెట్టి నిద్రపోతోంది. “దరువు లేదేమిటి?” అని మనవాడు సబ్ వెనక గుండీ తిప్పుతూ పోయాడు. తీరా ఫైటింగ్ వచ్చేసరికి పాయింట్ వన్ లేచింది. అది మామూలుగానే మిగతా ట్రాకుల కంటే 10 డెసిబెల్స్ గట్టిగా మోగేట్టు ఏర్పాటు చేసినది. పైగా మనవాడు తిప్పిన గుండీ. ఇంకేముంది... కింద గిన్నెలు కచేరీ పెట్టాయి!

డైలాగులు వినపడకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. పెద్ద మంద్ర శబ్దం మోగుతుంటే దానికి పైనున్న సన్న శబ్దాలు మన చెవికి ఆనవు. ఊరేగింపులో డప్పుల పక్కన నిలబడి కబుర్లు చెప్పుకోగలమా?

ఎనభై దగ్గర గట్టు

అందుకని మొదటి పని, అయిదు స్పీకర్లనీ స్మాల్ చేశాను. తర్వాత ‘క్రాసోవర్’ అడుగుతుంది. పొలాల మధ్య గట్టు లాంటిది ఇది. గట్టుకి పైనది స్పీకర్లది, కిందది సబ్‌ది. 80 హెర్ట్జ్ పెట్టాను.

ఎనభయ్యే ఎందుకు? సినిమా హాళ్లకీ ఇళ్లకీ సౌండు ప్రమాణాలు పెట్టిన టి.హెచ్.ఎక్స్. వారు ఇళ్లకి ఈ అంకెనే ఎంచారు. రెండు లాభాలున్నాయి. ఆ కింది శబ్దాలు ఎటువైపు నుంచి వస్తున్నాయో చెవి సులువుగా పోల్చుకోలేదు. అందువల్ల సబ్ పక్కన ఎక్కడో ఉన్నా, ఉరుము తెర మీంచే వచ్చినట్టుంటుంది. రెండోది, నాలుగైదు అంగుళాల కోనున్న స్పీకర్లు చాలావరకు అక్కడిదాకా ఆయాసం లేకుండా దిగగలవు. మీవి మరీ అరచేతిలో పట్టే స్పీకర్లయితే 100, 120 పెట్టుకోండి. కానీ అప్పుడు మగవాళ్ల గొంతులో కొంత భాగం సబ్‌లోంచి వస్తుంది. కాబట్టి సబ్‌ని టీవీకి దగ్గరగా ఉంచాలి. లేకపోతే నాయకుడు తెర మీదా, ఆయన గొంతు సోఫా పక్కనా!

ఇంకో మూడు చిన్న మాటలు. సబ్ వెనక కూడా ఒక క్రాసోవర్ గుండీ ఉంటుంది. రిసీవర్ ఒకసారి గట్టు వేశాక సబ్ ఇంకో గట్టు వెయ్యకూడదు. ఆ గుండీని చివరిదాకా పైకి తిప్పండి, లేదా ఎల్.ఎఫ్.ఇ. అని రాసిన దాంట్లో వైరు పెట్టండి. మెనూలో ‘ఎల్.ఎఫ్.ఇ. లో పాస్’ అని వేరే ఉంటుంది. దాన్ని 120లోనే ఉంచండి, పాయింట్ వన్ ట్రాకు అక్కడిదాకా ఉంటుంది మరి. ‘డబుల్ బేస్’, ‘ఎల్.ఎఫ్.ఇ. ప్లస్ మెయిన్’ లాంటి ఊరించే మాటలు కనిపిస్తే చెయ్యి పెట్టకండి. ఒకే బేస్ రెండుచోట్ల మోగి, ఒకచోట బురద అవుతుంది, ఇంకోచోట మాయమవుతుంది.

ఉంగరం పోయిందా బాబూ?

మెనూ అయింది. పాట పెట్టాం. సబ్ నిద్ర లేచింది. కానీ సోఫాలో కూచుంటే బేస్ ఇంకా పల్చగానే ఉంది. లేచి గోడ దగ్గరికి వెళ్తే ధనధనలాడుతోంది! ఇదేం మాయ?

మాయ కాదు, లెక్క. గది పొడవు 14 అడుగులు. శబ్దం సెకనుకి సుమారు 1125 అడుగులు నడుస్తుంది. దాన్ని గది పొడవుకి రెట్టింపైన 28తో భాగిస్తే 40 వస్తుంది. అంటే 40 హెర్ట్జ్ శబ్దం ఆ రెండు గోడల మధ్య ఉయ్యాలూగుతుంది. గోడల దగ్గర గట్టిగా ఉంటుంది, సరిగ్గా మధ్యలో దాదాపు మాయమవుతుంది. మనవాడి సోఫా ఎక్కడుంది? భోజనాల బల్లకి చోటు వదిలి, కొలిచినట్టు సరిగ్గా మధ్యలో! తనకి వినపడని బేస్ కోసం సబ్ పెంచాడు. వినపడ్డదల్లా గోడలకీ, గోడల కిందున్న వాళ్లకీ! సోఫాని మూడడుగులు వెనక్కి జరిపించాను. బల్ల కిటికీ పక్కకి వెళ్ళింది.

తర్వాత సబ్‌కి చోటు వెతకాలి. మూలన పెడితే గదిలోని ఉయ్యాలలన్నిటినీ ఒకేసారి ఊపుతుంది. చప్పుడు ఎక్కువే, కాని స్పష్టత ఉండదు. దీనికొక పాత కిటుకు ఉంది. సబ్‌ని తీసి మీరు కూచునే సోఫాలో కూచోబెట్టండి. బేస్ నిలకడగా ఉన్న పాట ఒకటి పెట్టండి. ఇప్పుడు మీరు గోడల వెంబడి నేలమీద పాకండి. ఎక్కడ బేస్ సమంగా, ఏ సుర కూడా విరగబడకుండా వినపడుతుందో అక్కడ సబ్ పెట్టండి. వినేవాడూ వినిపించేదీ చోట్లు మార్చుకున్నా ఫలితం అదే!

యాభై దాటిన నేను మోకాళ్ల మీద పాకుతుంటే, సోఫాలో సబ్‌ఊఫర్ దొరగారిలా కూచునుంటే, సరిగ్గా అప్పుడే తలుపు దగ్గర మాస్టారు ప్రత్యక్షం!

“ఏం బాబూ, ఉంగరం పోయిందా?” అన్నారు.

లేచి దణ్ణం పెట్టి, 14 అడుగులు, 1125, 40 హెర్ట్జ్ సంగతి చెప్పాను. లెక్కలు అనేసరికి ఆయన కోపం సగం దిగింది. కుర్చీ లాక్కుని కూచున్నారు. టీవీ ఉన్న గోడ వెంట, ఎడమ మూల నుంచి మూడో వంతు దూరంలో చోటు దొరికింది. సబ్ అక్కడికి మారింది.

ఉన్నట్టు తెలియకూడదు, పోతే తెలియాలి

రిసీవర్‌తో పాటు చిన్న మైకు ఒకటి ఇచ్చారు. మనవాడు దాని కవరు కూడా విప్పలేదు! సబ్ చోటు కుదిరాకే మైకు పెట్టాలి. సోఫా దిండు మీద కాదు, చెవి ఎత్తులో, స్టాండు మీద పెట్టాలి. ఇంట్లో ఫ్యాను ఆపాలి, కబుర్లు ఆపాలి. రిసీవర్ తనంతట తనే ఒక్కో స్పీకరూ మోగించి మట్టాలు సరిచేసుకుంటుంది. చేసింది. మునుపటి లెక్కతో పోల్చి చూస్తే సబ్‌ని 12 డెసిబెల్స్ కిందికి దించింది!

“పన్నెండంటే ఎంత?” అన్నారు మాస్టారు. పది డెసిబెల్స్ అంటే పదిరెట్లు పవరు. పన్నెండంటే దాదాపు పదహారు రెట్లు. “అంటే ఇన్నాళ్లూ నా నెత్తిన పదహారు రెట్లు మోగించావా!” అని మా తమ్ముడి వంక చూశారు. వాడు నేల చూపులు చూశాడు.

మైకు పని అయ్యాక మళ్లీ ఒకసారి మెనూ చూసుకోవాలి. కొన్ని రిసీవర్లు మళ్లీ లార్జ్ అనో, 40 హెర్ట్జ్ అనో పెట్టేస్తాయి. దాన్ని 80కి పెంచితే ఇబ్బంది లేదు. అది తేల్చిన అంకె కంటే మాత్రం తగ్గించకండి. సబ్ దూరం టేపుతో కొలిచిన దానికంటే ఎక్కువ చూపించినా కంగారుపడి మార్చకండి. సబ్ లోపలి యంత్రాంగం వల్ల జరిగే ఆలస్యాన్ని కూడా కలిపి లెక్కేస్తుంది అది. చివరగా సబ్ వెనక ఫేజ్ స్విచ్, 0, 180 అని. ఒకరు సోఫాలో వినండి, ఒకరు స్విచ్ మార్చండి. ఎటు పెడితే డోలు దెబ్బ నిండుగా ఉంటుందో అటు వదిలెయ్యండి.

ఇక పరీక్ష. మాస్టారిని సోఫాలో కూచోబెట్టి ఉరుములు, వాన, మాటలు ఉన్న ఒక సీను పెట్టాం. “మాస్టారూ, ఉరుము ఎక్కడ్నుంచి వచ్చింది?” అన్నాను. టీవీ కేసి చూపించారు. “నల్లడబ్బా మోగుతోందా?” “లేదే... ఆపేశారుగా!” అన్నారు. నేను నవ్వి నిజంగానే సబ్ ఆపేశాను. ఆయన ముందుకి వంగారు. “ఏదో పోయిందయ్యా! వాన చిన్నదైపోయింది!”

చూశారా, బేస్ మేనేజ్‌మెంట్ అంటే ఇంతే. సబ్ ఉన్నట్టు తెలియకూడదు, తీసేస్తే తెలియాలి.

తర్వాత ఆయనే చెప్పారు. 1986లో ‘సింహాసనం’ వచ్చినప్పుడు తెలుగులో తొలి 70 ఎం.ఎం., ఆరు ట్రాకుల సౌండు అని విని, ఆయనా మామ్మగారూ పనిగట్టుకుని వెళ్ళి చూశారట. “గుర్రాలు కుర్చీ కిందనుంచి పోయినట్టుండేది. మళ్లీ ఇవాళ...” అని ఆగిపోయారు. ఆ మాట మా తమ్ముడు విన్నాడు. సబ్‌ఊఫర్ అమ్మకం అక్కడితో ఆగింది.

అయితే ఒక నిజం కూడా ఒప్పుకోవాలి. ఎంత సరిచేసినా మంద్ర శబ్దం శ్లాబులోంచి, గోడల్లోంచి ఎంతో కొంత దిగుతుంది. కింద దళసరి రబ్బరు పట్టా వేస్తే కొద్దిగా నయం, అంతే. ఆ 17 మీటర్ల పొడవు అలల్ని పట్టా ఆపలేదు. వాటిని ఆపగలిగింది మీ బొటనవేలు ఒక్కటే, రిమోటు మీద! రిసీవర్లో నైట్ మోడ్ ఉంటుంది. పెద్ద చప్పుళ్లని తగ్గించి మాటల్ని నిలబెడుతుంది. రాత్రి పది దాటితే అది పెట్టాలి, సబ్ తగ్గించాలి అని ఒప్పందం కుదిరింది. ఖాళీ చెయ్యమన్న మాట రద్దు. పైగా వచ్చే ఆదివారం మ్యాట్నీకి మామ్మగారు కూడా పైకి వస్తారట!

పాఠక మిత్రులారా! ఈ ఆదివారం మీ ఇంట్లో కూడా వరసగా చేసి చూడండి. ముందు సోఫా గది మధ్యలోంచి జరగాలి. తర్వాత పాకుతూ సబ్‌కి చోటు వెతకాలి. అప్పుడు మైకు. ఆపైన అన్నీ స్మాల్, 80 హెర్ట్జ్. చివర ఫేజు. ఖర్చు ఒక్క రూపాయి కాదు. మోకాళ్లు కాస్త నొప్పెడతాయంతే!

వచ్చేవారం మధ్య స్పీకరు గురించి మాట్లాడుకుందాం. డైలాగు రైటరు రాసింది, హీరో చెప్పింది మీ చెవిదాకా ఎందుకు రావడం లేదో... అప్పటిదాకా, కింద వాటా వాళ్లని గుర్తుంచుకోండేం!